చెవి మేస్త్రి, నర్సమ్మ కారు

నర్సమ్మ కారు మా షెడ్డు గేటు దాటుతూనే ఆగిపోయింది. ఆవిడ ఆపలేదు. మలుపు తిప్పడానికి క్లచ్ నొక్కింది, అంతే, ఇంజిన్ ఒకసారి వణికి ఊరుకుంది. వచ్చిన ఊపుకి బండి ఇంకో రెండు గజాలు దొర్లి, నేను డైనమోలు విప్పుకునే బల్లకి జానెడు దూరంలో నిలబడింది.

"చూశావుగా అమ్మాయ్," అంది నర్సమ్మ తలుపు తీస్తూ. "నేనేం చెప్పక్కర్లేదు. అదే చెప్పేసింది."

ఆవిడది ఆస్పత్రిలో కూర్చుని చేసే ఉద్యోగం కాదు. మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చి, సూదులు వేసి వస్తుంది. వెనక సీటు నిండా దూది కట్టలూ మందుల పెట్టెలూ ఉంటాయి. రోజుకి పన్నెండు ఇళ్ళు, పన్నెండుసార్లు ఆగడం, బయల్దేరడం.

బోనెట్ ఎత్తుతున్న మా నాన్న దగ్గరికి వెళ్ళి ఆవిడ గొంతు తగ్గించింది. "నిన్న నాలుగు రోడ్ల కూడలిలో ఆగింది. వెనకున్న లారీ అతను మా ఏడు తరాల వాళ్ళనీ పేరుపేరునా పలకరించాడు. ఇది మూడోసారి మేస్త్రీ. మీరు మంచివారే, కాదనను. అవతల కట్టు మారక పుండు చీము పట్టిన ముసలాయనకి మీ మంచితనం ఏం పనికొస్తుంది చెప్పండి."

నాన్న తల దించుకుని బోనెట్ కడ్డీ సరిగ్గా నిలబెట్టే పనిలో ఉన్నట్టు ఉండిపోయాడు.

గేటు దగ్గరి నుంచి బాబాయి అందుకున్నాడు. "మూడు గంటలకల్లా తయారు నర్సమ్మా. ఈసారి తిరిగొస్తే నా పేరు మార్చుకుంటా."

"నీ పేరు నాకెందుకయ్యా, నేనేమన్నా బారసాల చేస్తున్నానా? బండి నడవాలి. లేకపోతే అవతలి వీధి షాపుకి తోలుకుపోతా."

ఆవిడ సంచీ భుజాన వేసుకుని నడిచి వెళ్ళిపోయింది. బాబాయి నాన్నని ఏమీ అనలేదు. అనాల్సింది ముందురోజు సాయంత్రమే అనేశాడు. "అన్నయ్యా, రెండు నెలల్లో నాలుగు బళ్ళు, ఒకటే జబ్బు. నువ్వు ముట్టుకున్నవే తిరిగొస్తున్నాయి. నర్సమ్మది రేపు చేసి పంపాక కూడా తిరిగొచ్చిందంటే నువ్వు గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చే బళ్ళ నంబర్లు రాసుకో. స్పానర్లు నాకు వదిలెయ్." నాన్న సరే అన్నాడు. అంత తేలిగ్గా సరే అనడమే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నాన్న కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అన్నం కూడా నిలబడే తింటాడు.

నాన్నకి ఈ వీధిలో చెవి మేస్త్రి అని పేరు. రెండు చెవులూ బాగా ఉన్న మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు అడుగుతారు. బండి పక్కన రెండు నిమిషాలు నిలబడితే ఏ సిలిండరు మందకొడిగా ఉందో, ఏ బేరింగు అరగబోతోందో చెప్పేవాడు. అన్నిటికన్నా పేరు తెచ్చింది మాత్రం ఐడిలింగ్ సెట్ చేయడం.

అదేమంత బ్రహ్మవిద్య కాదు. డ్రైవరు కాలు తీసేశాక కూడా ఇంజిన్ తనంతట తాను ఆరిపోకుండా తిరిగే వేగమే ఐడిలింగ్. ఎక్కువైతే బండి ఊరికే అరుస్తూ పెట్రోలు తాగుతుంది. తక్కువైతే లైట్లు వేసినా, ఏసీ పెట్టినా, స్టీరింగు తిప్పినా ఆ బరువు మోయలేక ఆగిపోతుంది. నర్సమ్మది కార్బురేటర్లు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళు వచ్చిన కొత్తల్లోది. పెట్రోలు సంగతి లోపలున్న చిన్న కంప్యూటరు చూసుకుంటుంది గానీ, ఐడిలింగుకి గాలి ఎంత పోవాలో సరిచేయడానికి ఒక స్క్రూ మనిషి చేతికి వదిలిపెట్టారు. తర్వాత వచ్చిన బళ్ళలో అదీ లేదు. బండి కంప్యూటరుని చదవడానికి బాబాయి కొన్న స్కానరు పెట్టె ఆ కొత్త బళ్ళకే పనికొస్తుంది. నర్సమ్మ కారులో దాని పిన్ను దూరే చోటే లేదు. డాష్‌బోర్డు మీద ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు కూడా లేదు. అలాంటి బళ్ళకి నాన్న చెవే ముల్లు.

నాన్న ఇంజిన్ స్టార్ట్ చేశాడు. పోయినసారే గాలి పైపులన్నీ విప్పి చూశాడు, వాల్వు కడిగాడు. ఎక్కడా చిల్లు లేదు, మురికి లేదు. ఇక మిగిలింది స్క్రూ. దాని మీద చెయ్యి వేయాలంటే ముందు చాలాసేపు ఆగాలి. ఇంజిన్ బాగా వేడెక్కాలి. రేడియేటర్ ఫ్యాన్ దానంతట అది రెండుసార్లు తిరిగి ఆగాలి. లైట్లు, ఏసీ, పాటలు అన్నీ కట్టేయాలి. అప్పుడు గాలిని అదుపు చేసే వాల్వు ప్లగ్గు పీకేసి స్క్రూ తిప్పాలి. పీకకపోతే మనం ఒకవైపు తిప్పుతుంటే కంప్యూటరు ఇంకోవైపు లాగుతుంది. అత్తాకోడళ్ళు ఒకే గరిట పట్టుకున్నట్టు అంటాడు నాన్న.

ఆ ఆగడమే నా వల్ల కాలేదు. బల్ల మీద విప్పిన డైనమో ఉంది. దాని కార్బన్ బ్రష్షులు తీసి చూసి మళ్ళీ పెట్టాను. పెట్టినవే మళ్ళీ తీశాను. లేచి మంచినీళ్ళు తాగాను. కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాను. రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగింది. రెండోసారి ఎంతకీ తిరగదు.

"ఏమే వాగుడుకాయ," అన్నాడు బాబాయి. నేను రోజుకి నాలుగు మాటల కన్నా మాట్లాడనని ఆయన నాకు పెట్టిన పేరది. "కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి? కూర్చో, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

కూర్చున్నాను. మోకాలు దానంతట అదే ఊగుతుంటే చేత్తో పట్టి ఆపాను.

నాన్న కదల్లేదు. ఒక చెయ్యి ముందు చక్రం పైని ఫెండరు రేకు మీద ఆనించి, తల కొంచెం ఎడమకి వాల్చి వింటున్నాడు. పైకి మామూలుగానే ఉన్నాడు. అయితే ఎప్పుడూ జేబులో ఉండాల్సిన స్క్రూడ్రైవరు అప్పటికే చేతిలో ఉంది. దాని పిడిని బొటనవేలితో రుద్దుతున్నాడు.

రెండోసారి ఫ్యాన్ తిరిగి ఆగింది. నాన్న ప్లగ్గు పీకి స్క్రూడ్రైవరు లోపలికి దించాడు. ఇంజిన్ మోత పైకి లేచి, మళ్ళీ మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

అప్పుడు కరెంటు పోయింది. వెనక గోడకి పొగ లాగడానికి పెట్టిన పెద్ద ఫ్యాన్ నీరసంగా నాలుగు చుట్లు తిరిగి నిలబడింది. నాన్న స్క్రూ మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"ఏం?" అన్నాడు బాబాయి.

"కరెంటు రానీ."

బాబాయి నవ్వాడు. "అన్నయ్యా, ఈ బండి పెట్రోలుతో నడుస్తుందనుకుంటున్నా ఇన్నాళ్ళూ. వైరు ఎక్కడ తగిలించావు?"

"చీకటిగా ఉందిరా. కనబడట్లేదు."

అప్పటికి టైము పదకొండున్నర. గేటులోంచి ఎండ నేరుగా వచ్చి బోనెట్ లోపల పడుతోంది. స్క్రూ తల నాకు బల్ల దగ్గరికే మెరుస్తూ కనిపిస్తోంది. నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పినా అంత పనికిరాని అబద్ధం చెప్పడు. మరి ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియనట్టు మొహం పెట్టి, గుడ్డ తీసి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇంజిన్ తిరుగుతూనే ఉంది. ఒక్క దాని చప్పుడే షెడ్డంతా నిండి ఉంది. నిజానికి చెవితో పని చేసే మనిషికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు.

పావుగంట తర్వాత కరెంటు వచ్చింది. గోడ ఫ్యాన్ మెల్లగా మొదలై వేగం అందుకుంది. నాన్న వెంటనే వంగాడు. స్క్రూ కొద్దికొద్దిగా తిరుగుతోంది. ఫ్యాన్ రొద, ఇంజిన్ రొద దగ్గర దగ్గరగా వచ్చేసరికి షెడ్డు గాలిలో ఒక ఊపు పుట్టింది, వూం... వూం... వూం అంటూ. నాన్న ఇంకాస్త తిప్పాడు. ఊపు నెమ్మదించింది. ఇంకో వెంట్రుకవాసి తిప్పాడు. ఊపు ఆగిపోయి రెండు రొదలూ ఒకటే గీతలా సాగాయి.

"ఆఁ," అన్నాడు నాన్న. పని అయిందని అర్థం. నా చిన్నప్పటి నుంచీ అదే ఆఁ.

నా చేతిలోని బ్రష్షు కింద పడింది. తీసుకోలేదు.

ఆ గోడ ఫ్యాన్ కొత్తది. పాతది షెడ్డు మొదలుపెట్టిన ఏడాది పెట్టింది, ఇరవై ఆరేళ్ళు తిరిగింది. దాని కాయిల్ రెండుసార్లు నేనే చుట్టాను. మూడోసారి కాలినప్పుడు ఇక చుట్టడానికేం లేదని, నేనే పట్టుబట్టి కొత్తది కొనిపించి, నిచ్చెనెక్కి నేనే బిగించాను. ఆ పాతదాని గొంతు సన్నం. ఈ ఆరు రెక్కలది బొంగురు. బిగించిన రోజు చప్పుడు తగ్గిందని బాబాయి కూడా మెచ్చుకున్నాడు. అది రెండు నెలల కిందటి మాట. బళ్ళు తిరిగి రావడం మొదలైందీ అప్పటి నుంచే.

నాన్న ఇంజిన్‌ని వింటున్నానని అనుకుంటున్నాడు. ఆయన చెవి వింటున్నది ఊపు ఆగడాన్ని, అంటే ఇంజిన్ గొంతు ఫ్యాన్ గొంతుతో కలవడాన్ని. పాత ఫ్యాన్‌తో ఆ ఊపు ఆగే చోటు సరైన చోటే అయ్యేది. కొత్తదాని గొంతు కిందికి ఉంది గనక నాన్న కూడా ప్రతి బండినీ కిందికి దింపుతున్నాడు.

అనుకున్నానే గానీ నమ్మలేదు. ఒంటిగంటకి నాన్న క్యారేజీ తీసుకుని షెడ్డు వెనక అరుగు దగ్గరికి వెళ్ళాడు. బాబాయి సామాన్ల కొట్టుకి వెళ్ళాడు. బాబాయి బీరువాలో స్పార్కు ప్లగ్గు వైరుకి క్లిప్పు తగిలించి ఇంజిన్ చుట్లు చూసే పాత మీటరొకటి ఉంది. నాన్న దాన్ని ముట్టుకోడు. ఆకలేస్తోందో లేదో థర్మామీటరు పెట్టి చూసుకునేవాడికి అది కావాలి అంటాడు. దాన్ని తెచ్చి, ఇంజిన్ స్టార్ట్ చేసి, వాల్వు ప్లగ్గు పీకి క్లిప్పు తగిలించాను. ముల్లు నిమిషానికి ఆరొందల ఇరవై చుట్ల దగ్గర నిలబడింది. బోనెట్ లోపలివైపు అంటించిన కంపెనీ చీటీలో ఏడొందల యాభై అని ఉంది.

ఆరొందల ఇరవైతో బండి షెడ్డులో హాయిగానే తిరుగుతుంది. బయటికి వెళ్ళాక కంప్యూటరు కొంత పైకి లాగుతుంది, అదీ దానికి చేతనైన మేరకే. లైట్లూ ఏసీ స్టీరింగూ ఒక్కసారి మీద పడితే దాని వల్ల కాదు.

స్క్రూడ్రైవరు నాన్న అక్కడే ఫెండరు మీద పెట్టి వెళ్ళాడు. నా చెయ్యి దాని మీదికి పోయింది. అర చుట్టు చాలు. నర్సమ్మ బండి కూడలిలో ఆగదు, నాన్న గేటు దగ్గర కూర్చోనక్కర్లేదు, ఎవరికీ ఏమీ తెలియదు. స్క్రూ తల మీద మొన ఆనించాను కూడా. మరి రేపు వచ్చే బండికి? ఎల్లుండి దానికి? నాన్న ఆఁ అన్నప్పుడల్లా ఆయన అటు తిరిగే దాకా కాచుకుని నేను వెనక నుంచి సరిచేస్తూ ఉండాలా? ఆ పని నాన్నది అవుతుందా? స్క్రూడ్రైవరు తీసిన చోటే పెట్టాను. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టాను.  గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది.

అరుగు దగ్గరికి వెళ్ళాను. నాన్న నిలబడే తింటున్నాడు.

"నాన్నా, ఒక మాట."

"నువ్వు మాట అంటే భయమేస్తుందే. ఏంటి?"

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, "పొద్దున కరెంటు పోతే ఎందుకాగావు?" అని అడిగాను.

"చెప్పాగా, చీకటి."

 వెనక్కి తిరిగి షెడ్డులోకి చూశాను. గేటులోంచి పడ్డ ఎండ నేల మీద దుప్పటి పరిచినట్టు ఉంది. నాన్న కూడా చూశాడు. చేతిలోని ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

"గోడ ఫ్యాన్ ఆగిపోయింది, అందుకు," అన్నాను. తర్వాత మీటరు సంగతి, చీటీలో అంకె సంగతి, నాలుగు బళ్ళ సంగతి చెప్పాను. ఒక్కరోజులో అన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడి ఉండను. 

నాన్న క్యారేజీ మూత పెట్టేశాడు. మూత అంచునే చూస్తూ, "పాతదాని గొంతు ఎలా ఉండేది?" అన్నాడు.

నేను నోరు మూసుకునే ముక్కుతో పాతదాని రొద తీశాను. కాయిల్ చుట్టినప్పుడల్లా గంటలు గంటలు తిప్పి చూసిన మోటారు, నాకు బాగా గుర్తు. తర్వాత లోపల తిరుగుతున్న కొత్తదానితో గొంతు కలిపాను. రెండూ ఎంత దూరంలో ఉన్నాయో ఎవరికైనా తెలుస్తుంది. నాన్నకి తెలియకుండా ఉంటుందా?

"అయితే ఇన్నేళ్ళూ జనం మెచ్చుకుంది ఆ ఫ్యాన్‌నా," అన్నాడు.

"నేనే కదా నాన్నా మార్చింది. తప్పు నాది."

"నువ్వు మార్చింది ఫ్యాన్‌ని. వినాల్సింది నేను." చేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, నా వైపు చూడకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఇక నేను ఎక్కడ నిలబడగలను? గేటు దాకా వెళ్ళాను, వెనక్కి వచ్చాను. ఫ్యాన్ స్విచ్చి ఆపాను. పొగవాసన, ఉక్క. మళ్ళీ వేశాను. చెప్పకుండా ఉండాల్సింది. కాదు, నిన్ననే చెప్పాల్సింది. నిన్న నాకు తెలియదు కదా. బాబాయి వచ్చి "మీ నాన్నేడే" అంటే బయటికెళ్ళాడన్నాను. "బండి అయిందా?" అంటే తల ఊపాను, అటా ఇటా అన్నది నాకే తెలియలేదు. టైము రెండైంది. రెండుంబావు అయింది. నాన్న ఇక రాడనీ, వచ్చినా నేరుగా ఆ కుర్చీలోకే వచ్చి కూర్చుంటాడనీ అనిపించింది. లోపలున్న కుర్చీని చూసి, దాన్ని ఎత్తి టైర్ల గుట్ట వెనక పెట్టాను. ఎందుకు పెట్టానో అడిగితే చెప్పలేను.

నాన్న వచ్చాడు. "బండి పక్క సందులోకి తోద్దాం పట్టు. ఆ మీటరు తీసుకురా. ముల్లు నాకు కనబడకుండా పట్టుకో."

"తొయ్యడమెందుకు, నడుపుకు పోరాదా?" అన్నాడు బాబాయి.

"దారిలో ఆగితే నువ్వు నవ్వుతావు," అన్నాడు నాన్న. బాబాయికి ఏం అర్థమైందో ఏమో, తనూ వచ్చి ఒక చెయ్యి వేశాడు.

సందులో ఏ చప్పుడూ లేదు. నాన్న ఇంజిన్ వేడెక్కేదాకా ఆగి, రెండుసార్లు రేడియేటర్ ఫ్యాన్ తిరిగాక, ప్లగ్గు పీకి వంగాడు. తిప్పాడు. విన్నాడు. మళ్ళీ తిప్పాడు. ఎప్పుడూ రెండు నిమిషాల్లో అయ్యే పని ఎంతకీ తెమలలేదు. చివరికి నిలబడి నా వైపు చూశాడు. ఆఁ అనలేదు.

ముల్లు తొమ్మిదొందల పది దగ్గర ఉంది. చెప్పాను.

నాన్న పెదవి కొరుక్కున్నాడు. మళ్ళీ వంగాడు. ఈసారి ఆరొందల ఎనభై. గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.  తాడు మీద నడిచేవాడి చేతిలో కర్ర లాగేసినట్టు ఉంది ఆయన పరిస్థితి.  మీటరు అద్దం మీద నా బొటనవేలు ఎంత గట్టిగా నొక్కానో, గోరు తెల్లబడింది.

సందు మొదట్లో చెప్పుల చప్పుడైంది. నర్సమ్మ. రెండున్నర దాటింది, మూడు కూడా కాలేదు.

"వచ్చేశానండీ, ఒక ఇల్లు తగ్గింది," అంది. అని మా మొహాలు చూసి, "ఏంటి, బండి పోయిందా?" అంది.

"లేదమ్మా. ఐదు నిమిషాలు," అన్నాడు నాన్న.

వంగాడు. ఒక్క క్షణం అలాగే ఉన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎంత?"

ఆ మాట నాన్న నోట ఎప్పుడూ వినలేదు. ముల్లు చూడడం మాని ఆయన్నే చూశాను.

"ఎంతుందే, చెప్పు."

"ఆరొందల ఎనభై."

"చెబుతూ ఉండు."

"ఏడొందలు. ఏడొందల ఇరవై... నలభై. అరవై. కొంచెం వెనక్కి. ఏడొందల యాభై."

నాన్న స్క్రూడ్రైవరు తీశాడు గానీ లేవలేదు. ఫెండరు మీద రెండు చేతులూ ఆనించి, ఆ చప్పుడుని మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. నర్సమ్మ వాచీ చూసుకుంది. ఆయన పట్టించుకోలేదు. తర్వాత ప్లగ్గు పెట్టి, "లైట్లు వెయ్యండి నర్సమ్మా. ఏసీ పెట్టండి. స్టీరింగు చివరి దాకా తిప్పండి," అన్నాడు.

ఆవిడ తిప్పింది. ఇంజిన్ ఒక్కసారి కుంగింది.  అంతలోనే తేరుకుని మామూలుగా తిరిగింది. ఇటువైపు తిప్పింది, అటువైపు తిప్పింది, ఐదారుసార్లు. ఆగలేదు.

"ఇంతకీ ఏంటి మేస్త్రీ జబ్బు?" అని అడిగింది.

బాబాయి గబుక్కున, "పాత బండి కదమ్మా, ఏదో చిన్న..." అన్నాడు.

"జబ్బు బండికి కాదు, నాకు," అన్నాడు నాన్న. "షెడ్డులో ఫ్యాన్ మారింది. దాని చప్పుడు నా చెవిని మోసం చేసింది. మీ బండిని మూడుసార్లు నేనే తక్కువలో పెట్టి పంపాను. కూడలిలో ఆ తిట్లు పడాల్సింది మీరు కాదు, నేను."

నర్సమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "తప్పు నాదేనన్న మేస్త్రిని ఇప్పుడే చూస్తున్నా. డాక్టర్లలో ఒక్కడూ తగల్లేదు." సంచీ వెనక సీట్లోకి విసిరింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి చెబుతా, క్షమించానో లేదో. ముందు ఆ కూడలి దాటనివ్వండి."

కారు సందు చివర మలుపు దగ్గర ఆగింది. ముందు ఒక సైకిలు అడ్డం వెళుతోంది. మేం ముగ్గురం కదలకుండా వింటున్నాం. ఇంజిన్ తిరుగుతూనే ఉంది. కారు మలుపు తిరిగింది.

బాబాయి మీటరు నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే అన్నయ్యా, ఇక చెవి పని లేనట్టేగా. ముల్లు చూసి ఎవడైనా తిప్పొచ్చు. నేను కూడా."

  బాబాయి మాటలో తప్పేముంది?

"తిప్పొచ్చు," అన్నాడు నాన్న. "నీకు చేతనైతే నువ్వే తిప్పు. కానీ ఆ మిగతా మూడు బళ్ళు నేను పాడుచేసినవి. వాళ్ళని పిలిపించు. అవి నేను చేస్తాను. ఆ తర్వాత నన్ను ఎక్కడ కూర్చోబెడతావో కూర్చోబెట్టు."

బాబాయి తల గోక్కున్నాడు. "పిలిస్తే నోటికొచ్చినట్టు తిడతారు."

"తిట్టనీ. నర్సమ్మ లారీవాడిని మించి తిడతారా?"

బాబాయికి నవ్వు ఆగలేదు. ఫోను తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు.

మర్నాడు ఎనిమిదిన్నర అయినా నర్సమ్మ నుంచి ఫోను రాలేదు. ఆగిపోయి ఎక్కడైనా ఉందేమోనని నేను నాలుగుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చాను. తొమ్మిదింటికి బాబాయి ఫోనుకి ఒక ముక్క మెసేజీ వచ్చింది. కూడలి దాటాను, మూడో ఇంట్లో ఉన్నాను, విసిగించకండి అని. బాబాయి దాన్ని పైకి చదివి, నాన్న విన్నాడా లేదా అని ఓరగా చూశాడు. నాన్న అప్పటికే సందులో ఉన్నాడు.

బాబాయి పిలిపించిన ముగ్గురిలో ముందుగా రొట్టెల వ్యాను అతను వచ్చాడు. అతని బండి రెండు వారాలుగా ప్రతి దుకాణం ముందూ ఆగిపోతోంది. దిగుతూనే నోరు తెరవబోయాడు.

"తప్పు నాది," అన్నాడు నాన్న. "బోనెట్ తియ్యి. అన్నీ తిట్టు, చేతులు పని చేస్తుంటే చెవులు వింటాయి."

అతనికి తిట్టడానికి ఊపు పోయింది. పక్కన గోడ మీద కూర్చుని రొట్టె ముక్క నములుతూ చూశాడు. బాబాయి గేటు దగ్గర నిలబడి, వచ్చిన ఇంకో బండి నంబరు తానే రాసుకుంటున్నాడు.

వ్యాను వేడెక్కింది. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు తిరిగింది. నేను ప్లగ్గు పీకి క్లిప్పు తగిలించి, ముల్లు చూశాను. నోరు తెరిచాను.

"చెప్పకు," అన్నాడు నాన్న. తల ఎడమకి వాల్చాడు. చాలాసేపు విన్నాడు. "ఆరొందల పది."

"ఆరొందల నలభై."

"ముప్పై తేడా," అన్నాడు విసుగ్గా. స్క్రూని కొద్దిగా తిప్పి మళ్ళీ చెవి ఒగ్గాడు. "ఇప్పుడు నేను చెప్పేదాకా నువ్వు ఊరుకో."

నా మోకాలు ఊగుతూనే ఉంది. ఊరుకున్నాను.